సున్నా కిలోలు

ఆ ఆస్పత్రి బేస్‌మెంటులో బట్టలు ఉతికే గదికీ మందుల గోదాముకీ మధ్య ఇరుక్కున్న గదిని కంప్యూటర్ సెక్షన్ అంటారు. దానికి కిటికీ లేదు. పక్కగదిలో వాషింగ్ మెషీన్లు తిరిగినంతసేపూ బల్లలు సన్నగా వణుకుతూ ఉంటాయి. మూలబల్ల దగ్గర పదహారేళ్ళుగా కూర్చుంటున్నావిడకి సొంతపేరు ఒకటుందన్న సంగతి జీతాల విభాగానికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఒక కంప్యూటర్ భాషలో ఉన్న ప్రోగ్రాముని ఇంకో భాషలోకి మార్చడం ఆవిడ పని. ఎవరో సరదాకి దుబాసీ అన్నారు, అదే ఖాయమైపోయింది. వార్డు ఆయా దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ ఆవిడ దుబాసీ మేడమే.

భయం ఆవిడకి పుట్టుకతో వచ్చింది. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళే మనిషి. తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వచ్చి నాలుగోసారి లాగే మనిషి. ఇంట్లోవాళ్ళు విసుక్కునేవాళ్ళు గానీ ఆఫీసులో ఆ భయమే ఆవిడకి మంచిపేరు తెచ్చింది. దుబాసీ సంతకం పెట్టిందంటే ఇంక చూడక్కర్లేదు అనేవాడు మేనేజరు.

అలాంటి మనిషికి ఆ సోమవారం పొద్దున్న తను మార్చిన ప్రోగ్రాము గురించి ఆవగింజంత భయం కూడా లేదు. ఉన్న భయమంతా చెల్లెలి మీదికి పోయింది.

ముందు ఆ ప్రోగ్రాము సంగతి చెప్పాలి. పిల్లల వార్డుల్లో నర్సు బిడ్డ బరువుని గ్రాముల్లో కొడుతుంది, మందు పేరు ఎంచుకుంటుంది. ఆ మందు గంటకి ఎన్ని మిల్లీలీటర్లు వెళ్ళాలో ప్రోగ్రాము చెబుతుంది. నర్సు సరేనని మీట నొక్కగానే ఆ అంకె తీగ గుండా మంచం పక్కనున్న సిరంజి పంపుకి చేరుతుంది. పంపు సిరంజిని మెల్లమెల్లగా నెడుతూ సన్నటి గొట్టం గుండా బిడ్డ నరంలోకి మందు ఎక్కిస్తుంది. ఇరవయ్యారేళ్ళ కిందట ఒక పెద్దాయన దీన్ని పాస్కల్ అనే భాషలో రాశాడు. ఆయనిప్పుడు రిటైరై మోకాళ్ళు పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఒక్కో మందుకి ఒక్కో పట్టిక, పట్టికకి నలభై వరసలు. కిలో బిడ్డకి ఒకటో వరస, రెండు కిలోలకి రెండోది, అలా నలభై కిలోల దాకా. బిడ్డ రెండు కిలోల ఏడొందల గ్రాములుంటే పైనున్న ఏడొందలూ వదిలేసి రెండో వరసే చూస్తుంది. మందు ఎక్కువ పోవడం కంటే రవంత తక్కువ పోవడం నయమని ఆయన ఆలోచన.

పాస్కల్ నడిచే పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. ప్రోగ్రాముని పైథాన్ భాషలోకి మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దుబాసీ ఎనిమిది నెలలు దాని మీదే కూర్చుంది. తేడాలు రాసుకోవడానికి ఒక రూళ్ళ పుస్తకం పెట్టుకుంది. ఎడమ పేజీ పాస్కల్‌ది, కుడి పేజీ పైథాన్‌ది. పాస్కల్ కోపిష్ఠిది. ఏ డబ్బాలో ఏం పోస్తావో ముందే చెప్పాలి, పప్పు డబ్బా అన్నాక అందులో ఉప్పు పోస్తే మొహం మీదే తలుపేస్తుంది. పైథాన్ మొహమాటస్తురాలు. ఏ డబ్బాలో ఏది పోసినా సరేనంటుంది. పాస్కల్లో పట్టిక ఏ అంకె నుంచి మొదలవ్వాలో రాసేవాళ్ళ ఇష్టం. పెద్దాయన ఒకటి నుంచి మొదలుపెట్టుకున్నాడు. పైథాన్లో మన ఇష్టంతో పని లేదు, మొదటి వరస నంబరు సున్నాయే. దీనికి విరుగుడు సులువు. వచ్చిన కిలోల్లోంచి ఒకటి తీసేసి ఆ వరస అడిగితే సరిపోతుంది. కిలో బిడ్డకి సున్నా నంబరు వరస, నలభై కిలోల పిల్లాడికి ముప్ఫైతొమ్మిది. ఎక్కడెక్కడ పట్టిక కనబడిందో అక్కడల్లా ఒకటి తీసేసింది. ఒక్కచోట కూడా మర్చిపోలేదు.

మార్చడం ఒక ఎత్తు, మార్చింది సరిగ్గా ఉందని తేల్చడం ఇంకో ఎత్తు. దానికి ఆ సెక్షన్లో ఒక కట్టుబాటుంది. పాత ప్రోగ్రాము పన్నెండేళ్ళుగా ఇచ్చిన ప్రతి జవాబూ లాగ్ అనే చిట్టాలో భద్రంగా ఉంటుంది. ఆ పాత ప్రశ్నలే కొత్తదాన్ని అడగాలి. జవాబులు పక్కపక్కన పెట్టి పోల్చాలి. తేడా సున్నా అయితేనే సంతకం. దుబాసీ నలభై ఒక్క వేల పైచిలుకు ప్రశ్నలు అడిగింది, చివరి దశాంశం దాకా పోల్చింది. అన్నీ కలిశాయి, డెబ్భై మూడు తప్ప.

ఆ డెబ్భై మూడింట్లో పాత ప్రోగ్రాము అసలు జవాబే చెప్పలేదు. 201 అని ఒక తప్పు నంబరు వేసి ఆగిపోయింది. లాగ్‌లో గ్రాములు దాచరు, కిలోలే ఉంటాయి. ఆ డెబ్భై మూడు వరసల్లోనూ కిలోల దగ్గర సున్నా ఉంది.

"సున్నా కిలోల పేషెంటా? దెయ్యాలకి కూడా వైద్యం చేస్తున్నామన్నమాట!" అని మేనేజరు పకపకా నవ్వాడు.

"కంగారులో బరువు కొట్టకుండానే మీట నొక్కేసి ఉంటారు. జవాబే లేనిదాన్ని దేంతో పోల్చమంటారు?" అంది దుబాసీ. తనూ నవ్వింది.

ఆ డెబ్భై మూడింటినీ 'చెత్త' అనే ఫైల్లోకి నెట్టేసి, మిగిలినవాటికి నూటికి నూరు అని రాసి సంతకం పెట్టింది. నాలుగో అంతస్తుకి వెళ్ళి ఒక్క నర్సుని అడిగితే రెండు నిమిషాల్లో తేలే సంగతి. తాళాన్ని నాలుగుసార్లు లాగి చూసే మనిషి ఆ మెట్లు మాత్రం ఎక్కలేదు. లెక్క కుదిరాక మనుషుల్ని అడగాలని తోచదు ఈ పనిలో ఉన్నవాళ్ళకి, అదే వాళ్ళ జబ్బు.

కొత్త ప్రోగ్రాము సోమవారం ఎనిమిదింటికి మొదలైంది.

చెల్లెలు శనివారమే ఆ ఆస్పత్రిలో చేరింది. ఏడో నెల. బీపీ చుక్కల్ని అంటుతోంది. వాళ్ళింటికి దగ్గర్లో ఇంతకంటే పెద్ద ఆస్పత్రి ఉంది, అత్తగారు అక్కడికే పోదామంది. "అక్కడ మా అక్క లేదుగా" అని చెల్లెలు మొండికేసి ఇక్కడికొచ్చింది. పెళ్ళై తొమ్మిదేళ్ళు. రెండుసార్లు కడుపు నిలవలేదు. పొద్దున్నే దుబాసీ వెళ్ళేసరికి డాక్టర్లు ఇంక ఆగేది లేదు, ఆపరేషన్ చేసేస్తామన్నారు.

"ఇక్కడ కూర్చుని గోళ్ళు కొరుక్కుంటే నా బీపీ తగ్గుతుందా? పోయి నీ పని చూసుకో అక్కా. ఇవాళేగా నీ ప్రోగ్రాము మొదలయ్యేది?" అంది చెల్లెలు, పెదాలు ఎండిపోయి ఉన్నా నవ్వడానికి ప్రయత్నిస్తూ.

దుబాసీ కిందికొచ్చి కూర్చుంది గానీ కళ్ళు స్క్రీన్ మీద లేవు. చేతిలో ఫోన్ చెమటకి జారిపోతోంది. పది దాటింది. పదిన్నర దాటింది. తొమ్మిదేళ్ళలో రెండుసార్లు చెల్లెలి పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక గోడ వైపు చూసిన రోజులు గుర్తొచ్చాయి. మూడోసారి ఆ గోడ చూసే ఓపిక తనకి లేదనుకుంది.

పదకొండూ ఆరుకి ఫోన్ మోగింది. మరిది.

"వదినా, ఆడపిల్ల! మీ చెల్లి బాగానే ఉంది. పాప ఏడ్చింది వదినా, పిల్లికూనలాగా చిన్నగా. నేను విన్నాను."

దుబాసీకి ప్రాణం లేచొచ్చింది. "బరువెంతుంది?"

"ఎనిమిది వందల డెబ్భై గ్రాములట. పైన పిల్లల వార్డులో పెట్టెలో పెట్టారు. బీపీ నిలబడ్డానికేదో మందు ఇప్పుడే మొదలుపెట్టారట. మీ ప్రోగ్రామే కదా వదినా లెక్క కట్టేది, ఇంక నాకేం భయం లేదు." ఆ మాటంటూనే అతను ఏడ్చేశాడు.

ఫోన్ పెట్టేసి దుబాసీ కూడా కళ్ళు తుడుచుకుంది. ఎనిమిది వందల డెబ్భై. కిలో కూడా లేవు కదే తల్లీ అనుకుంది. అలా అనుకుంటుంటే వృత్తి ఊరుకోదుగా, బుర్ర దానంతటదే లెక్క వేసింది. గ్రాములు వదిలేస్తే ఎన్ని కిలోలు? సున్నా.

కళ్ళు తుడుస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ డెబ్భై మూడూ దెయ్యాలు కావు. కంగారులో మీట నొక్కిన నర్సులూ కారు. కిలో లోపు పుట్టిన డెబ్భై మూడు మంది పిల్లలు. పట్టికలో వాళ్ళకి వరస లేదు. పాస్కల్‌ని లేని వరస అడిగితే లేదు పొమ్మని ఆగిపోయేది. అది ఆగిపోతే నర్సు డాక్టర్ని పిలిచి ఉంటుంది, డాక్టరు చేత్తో లెక్క కట్టి ఉంటాడు. పెద్దాయన రాసింది సరిగ్గానే రాశాడు. మరి పైథాన్? సున్నాలోంచి ఒకటి తీసేస్తే మైనస్ ఒకటి. మైనస్ ఒకటో వరస అడిగితే పైథాన్ దాన్ని తప్పనుకోదు. వెనకనుంచి లెక్కపెట్టమంటున్నారు కాబోలనుకుని ఆఖరి వరస తీసి మర్యాదగా చేతిలో పెడుతుంది. ఆఖరి వరస నలభై కిలోలది.

ఈ తేడా దుబాసీకి తెలియనిది కాదు. రూళ్ళ పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసుకుంది కూడా. సున్నా కిలోల మనిషి ఉండడు కనక దీనితో పని పడదని పక్కన టిక్కు పెట్టుకుంది.

లాగ్ తెరిచింది. ఆఖరి వరసలో ఇలా ఉంది: 11:06, నాలుగో పెట్టె, కిలోలు 0, గంటకి 12.0.

ఆ మందుకి కిలో బిడ్డకే గంటకి పాయింట్ మూడు. పన్నెండంటే దానికి నలభై రెట్లు. గడియారం పదకొండూ ఎనిమిది చూపిస్తోంది.

చేతులు ముందు చెయ్యాల్సింది చేశాయి, ప్రోగ్రాముని ఆపేశాయి. ఇంక కొత్తగా ఏ పంపుకీ తప్పు అంకె పోదు. కానీ ఒకసారి అంకె అందుకున్న పంపుకి ప్రోగ్రాముతో పని లేదు, దాని పాటికి అది తోస్తూనే ఉంటుంది. అలా ఉండాలని కోరి రాసిందీ తనే. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే బిడ్డకి మందు ఆగిపోకూడదు కదా అని ఆ రోజు మీటింగ్‌లో గొప్పగా చెప్పింది.

వార్డుకి ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. పక్కసీటావిడ ప్రింటర్ కాగితాలు సర్దుకుంటోంది, వచ్చే నెల రిటైరయ్యే మనిషి. దుబాసీ ఫోన్ ఆవిడ చేతిలో కుక్కింది.

"నాలుగో అంతస్తు, పిల్లల వార్డు. చేస్తూనే ఉండండి. ఎవరెత్తినా సరే, నాలుగో పెట్టె పంపు ఆపమనండి. కారణం అడిగితే తర్వాత చెబుతాననండి. ముందు ఆపమనండి."

"ఏమైందమ్మా? మొహం అలా పాలిపోయిందేం?"

"చంపేస్తున్నానండీ," అని తలుపు తోసుకుని పరిగెత్తింది.

లిఫ్టు పైన ఎక్కడో ఉంది. మెట్లెక్కింది. యాభై దగ్గరపడుతున్న ఒళ్ళు, రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఒళ్ళు. మొదటి అంతస్తుకే ఊపిరి అందలేదు. రోగులు, బంధువులు, ఫ్లాస్కులు, ఎక్స్‌రే కవర్లు, అన్నీ అడ్డమే. ఎవరి భుజమో తగిలితే కళ్ళు కనబడవా అని తిట్టారు. నిజంగానే ఏమీ కనబడ్డం లేదు. గంటకి పన్నెండంటే నిమిషానికి పాయింట్ రెండు. నాలుగు నిమిషాలకి పాయింట్ ఎనిమిది. ఆ బుర్ర దానంతటదే గుణించుకుంటూ పోతోంది. తనకి లెక్కలు రాకపోయి ఉంటే బాగుండునని దుబాసీకి జీవితంలో మొదటిసారి అనిపించింది. రెండో అంతస్తు మలుపులో కాలు జారి మోకాలు రాతికి కొట్టుకుంది. నొప్పి తెలియలేదు. దేవుడా, దాని తల్లి ఇంకా మొహం కూడా చూడలేదు అనుకుంది. ఆ మాట పైకే అన్నట్టుంది, ఎవరో తిరిగి చూశారు.

నాలుగో అంతస్తు. అద్దాల తలుపు. తలుపు దగ్గర ఆయా.

"చెప్పులు! అమ్మా, చెప్పులు విప్పాలి. చేతులు కడుక్కోవాలి. గౌను వేసుకోవాలి. అలా ఎలా వెళ్తారు!"

చెప్పులు విసిరేసి లోపలికి దూరింది. ఆయా జబ్బ పట్టుకుని లాగింది. లోపల వెచ్చగా ఉంది, చిన్నచిన్న కూతలు, మసక వెలుతురు. వరసగా గాజుపెట్టెలు. నాలుగో పెట్టె ఏదో తెలియదు. పంపు ఏదో కూడా తెలియదు. పంపులకి అంకెలు పంపే ప్రోగ్రాము ఎనిమిది నెలలు రాసిన మనిషి పంపుని ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

హెడ్ నర్సు బల్ల దగ్గర ఫోన్లో బ్లడ్ బ్యాంకుతో గొడవపడుతోంది. అరుపు విని తిరిగింది. "ఎవరమ్మా అది? పసిపిల్లలున్న చోట..."

"నాలుగో పెట్టె! పంపు ఆపండి! అది తప్పు, నాది తప్పు, ఆపండి!"

హెడ్ నర్సు ఎందుకని అడగలేదు. ఫోన్ బల్ల మీద పడేసి మూడంగల్లో పెట్టె దగ్గరకి వెళ్ళి మీట నొక్కింది, గొట్టానికున్న క్లిప్పు బిగించింది. ముందు ఆపడం, తర్వాత అడగడం, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆవిడది. పంపు సన్నగా కూసి ఊరుకుంది.

"ఇప్పుడు చెప్పండి," అంది.

దుబాసీ చెప్పింది. మాటలు తెగి పడ్డాయి. పట్టిక, సున్నా, ఆఖరి వరస. హెడ్ నర్సుకి పైథాన్ తెలియదు గానీ నలభై కిలోలన్న మాట చాలు. పిల్లల డాక్టర్ని కేకేసింది.

"నేనే పెట్టాను," అంది డాక్టరు వచ్చేలోపు, నేల చూస్తూ. "పాతదైతే అలిగేది. కిలో లోపు బిడ్డ బరువు కొడితే స్క్రీన్ ఎర్రబడి కూర్చునేది. ముసలాయన అలిగాడు, డాక్టర్ని పిలవండి అనుకునేవాళ్ళం. మాకు అదే లెక్క. ఇది అలగలేదు. పచ్చగా జవాబు చెప్పింది. కొత్తది కదా, దీనికి కిలో లోపు పిల్లల సంగతి కూడా నేర్పారేమో అనుకున్నాను. పన్నెండు ఇక్కడ రోజూ చూసే అంకె. పెద్దపిల్లల సెలైన్లన్నీ పన్నెండూ పదిహేనూ. నా కన్ను దాని దగ్గర ఆగలేదు. ఆగాల్సింది."

"మాతో ఒక్క మాట చెప్పి ఉంటే," అనబోయి దుబాసీ నోరు మూసుకుంది. ఎవరు ఎవరిని అడగాలి?

పిల్లల డాక్టరు వచ్చాడు. పొడుగ్గా, వంగి నడిచే మనిషి. పంపు మీద అంకె చూశాడు. పాయింట్ తొమ్మిది మిల్లీలీటర్లు వెళ్ళినట్టుంది. తర్వాత గొట్టం చేత్తో పట్టుకుని సిరంజి దగ్గర్నుంచి బిడ్డ పాదం దాకా వేలితో నిమురుకుంటూ వచ్చాడు. దుబాసీ అప్పుడు చూసింది బిడ్డని. ఎర్రగా, అరచేతిలో పట్టేంత. పాదం ఆయన బొటనవేలంత లేదు. ఛాతీ గబగబా ఎగిరెగిరి పడుతోంది. అది మందు వల్లో, మామూలుగానే అంతో ఆవిడకి తెలియలేదు. ఆ డాక్టరు మాట్లాడేదాకా గడిచిన అర నిమిషం మెట్ల మీద పరిగెత్తినదానికంటే ఘోరంగా ఉంది. ఏమీ చెయ్యడానికి లేదు, చూస్తూ నిలబడాలి.

"గొట్టంలో ముందు సెలైన్ నింపి ఉంచాం కదా సిస్టర్?"

"నింపామండీ. నిండా."

"ఈ గొట్టంలో ఒక మిల్లీలీటర్ పడుతుంది." ఆయన వేలు పాదానికి బెత్తెడు దూరంలో ఆగింది. "మందు సెలైన్‌ని తోసుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. లోపలికి పోయింది ఉత్త సెలైనే." మానిటర్ చూశాడు, స్టెత్ పెట్టి విన్నాడు, మళ్ళీ మానిటర్ చూశాడు. "ఇంకో అర నిమిషం నడిచి ఉంటే ఇంత చిన్న గుండె తట్టుకునేది కాదు. ఈ గొట్టం తీసేసి కొత్తది పెట్టండి. లెక్క నేను రాస్తాను."

దుబాసీ ఉన్నచోటే కూలబడింది.

"పొద్దున్నుంచి ఇలాంటిది ఇంకోటి ఉందా?" అనడిగాడు డాక్టరు కాగితం మీద రాస్తూనే.

లాగ్‌లో దుబాసీ చూసింది ఆఖరి వరస ఒక్కటే. పైనేమున్నాయో చూడనేలేదు. బ్లడ్ బ్యాంకు వాళ్ళు విసిగి పెట్టేశారు కాబోలు, బల్ల మీద పడున్న ఫోన్ని హెడ్ నర్సు సర్దిపెట్టగానే అది మోగింది. పక్కసీటావిడ. దుబాసీ ఫోన్ లాక్కుంది.

"నా స్క్రీన్ మీద ఉంది చూడండి. పొద్దున్న ఎనిమిది నుంచి. కిలోల దగ్గర ఏముందో వరసగా చదవండి. ఒక్కటి కూడా వదలద్దు."

"నా కళ్ళజోడు... ఆఁ, ఉంది. మూడు. రెండు. పదకొండు. ఒకటి. ఒకటి. నాలుగు..." పక్కసీటావిడ నిదానంగా చదువుతోంది, ఒక్కో అంకెకీ ముందు ఊపిరి పీల్చుకుంటూ. దుబాసీ ప్రతిసారీ కళ్ళు గట్టిగా మూసుకుంది. "రెండు. ఇరవై. రెండు. ఒకటి. ఇంకోటి ఒకటి. ఆరు. సున్నా. అంతే, ఇంక లేవు."

"సున్నాలు ఎన్ని?"

"ఒక్కటేనమ్మా. చివరిది."

డాక్టరు వార్డు మొత్తానికి ప్రోగ్రాము వాడద్దన్నాడు. హెడ్ నర్సు గోడకి కాగితం అంటించింది: పంపు లెక్కలన్నీ చేత్తోనే. దుబాసీ మేనేజరుకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. "పాప బాగానే ఉందిగా? ఇప్పుడే కాగితం మీద ఏమీ పెట్టకు, వచ్చి మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఇక్కడ పాప కేసు కాగితం మీద రాసేశానండీ," అంది దుబాసీ.

పన్నెండున్నరకి చెల్లెల్ని చక్రాల కుర్చీలో తోసుకుని మరిది వచ్చాడు. ఇంకా కాళ్ళు స్వాధీనంలోకి రాలేదు ఆమెకి. నాలుగో పెట్టె దగ్గర కుర్చీ ఆపారు. చెల్లెలు గాజుకి దగ్గరగా వంగి, కళ్ళార్పకుండా చూసింది. తొమ్మిదేళ్ళ చూపంతా అక్కడే ఉంది. ఆ తర్వాత గానీ పక్కనెవరున్నారో గమనించలేదు.

"అక్కా, నీ చెప్పులేవి? మోకాలికి ఆ రక్తమేంటి?"

పడ్డానని చెప్పి ఊరుకోవచ్చు. మరిది మొహం చూస్తే ఆ మాటే చాలన్నట్టుంది. అంత ఆనందంలో ఉన్న మనిషి దగ్గర ఈ సంగతి ఎత్తాలంటే దుబాసీకి మెట్లెక్కినప్పటికంటే ఎక్కువ భయం వేసింది. ఎప్పటికైనా ఎవరో ఒకరు చెప్పేస్తారు కాబట్టి చెప్పాలనుకుందో, చెప్పకపోతే ఇంక ఈ పిల్లని ఎత్తుకోలేననుకుందో గానీ, చెప్పేసింది. మోకాళ్ళ మీద కుర్చీ పక్కన కూర్చుని, సున్నా కిలోల దగ్గర్నుంచి బెత్తెడు గొట్టం దాకా ఏదీ దాచకుండా చెప్పింది.

"అయిపోయింది కదా వదినా. పాపకేం కాలేదు. ఇప్పుడిదంతా ఎందుకు," అన్నాడు మరిది గొంతు తగ్గించి.

చెల్లెలు అరవలేదు. తిడుతుందని దుబాసీ ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. చెల్లెలు మళ్ళీ గాజు వైపు తిరిగి కాసేపు చూసింది.

"ఈయన ఫోన్ చేసి బరువు చెప్పాకేగా నీకు తట్టింది?"

"అవును."

"వేరేవాళ్ళ పాపయితే నీకు ఫోన్ ఎవరు చేసేవాళ్ళు అక్కా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఎవరూ చేసేవాళ్ళు కారు. పదకొండూ పదికి దుబాసీ బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ ఉండేది. లాగ్‌లో ఇంకో సున్నా చేరేది.

అయిదో పెట్టె దగ్గర స్టూల్ మీద ఒక తల్లి కూర్చుని ఉంది. పొద్దున్నుంచి అక్కడే ఉన్నట్టుంది, చీర కొంగు నలిగిపోయి ఉంది. ఇంతసేపూ వాళ్ళ మాటలన్నీ ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి. లేచి తన బిడ్డ పంపు దగ్గరకి వెళ్ళి దాని మీదున్న ఎర్ర అంకెలకేసి చూసింది. చదవడం వచ్చు, అర్థం కావడం లేదు.

"అమ్మా, మీరేగా అది రాసింది?" అంది దుబాసీ వైపు తిరిగి. "ఇది సరిగ్గానే ఉందా?"

దుబాసీ గోడ పట్టుకుని లేచింది. పంపు దగ్గరకి వెళ్ళింది. అంకె కనబడింది గానీ అది సరైనదో కాదో ఆవిడకి తెలియలేదు. ఆ తల్లి వైపు తిరిగింది.

"మీ బాబు బరువెంతమ్మా?"